వాల్వ్ బాడీలో ప్లగ్గును ఆపే కీ ఊడిపోతోంది, మళ్లీ జారకుండా ఎలా అమర్చాలి?

వనస్థలిపురం వాసి:

అందరికీ నమస్కారం. నా దగ్గర పన్నెండేళ్ల నాటి 4 గేర్ల ఆటోమేటిక్ కారు ఉంది. కిందటి ఏడాది గేర్లు కుదుపుతో మారుతున్నాయని ఒక గ్యారేజీలో ఇస్తే, వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడిని దారి మళ్లించి గేర్లు మార్చే వాల్వుల దిమ్మ) విప్పి, వాల్వులన్నీ బయటికి తీసి కడిగి, మళ్లీ అమర్చి ఇచ్చారు. ఆరు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత రివర్స్ వేస్తే బండి కదలడానికి రెండు మూడు సెకన్లు పట్టడం మొదలైంది. ఉదయం ఇంటి నుంచి బయలుదేరినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు కానీ, ఎల్బీ నగర్, ఉప్పల్ మీదుగా ట్రాఫిక్‌లో గంటసేపు నడిపాక 2 నుంచి 3కు మారేటప్పుడు గేరు పడకుండా ఇంజన్ ఒక్కసారిగా అరుస్తోంది.

నేను వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను, అయినా ఇరవై ఏళ్లుగా నా బండ్ల పని నేనే చేసుకుంటున్నాను. గత ఆదివారం గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ దించాను. పాన్ అడుగున ఉండే రెండు అయస్కాంతాల్లో ఒకదానికి, మామూలుగా పట్టే బూడిదరంగు ముద్దతో పాటు, బొటనవేలి గోరంత ఉక్కు రేకు ఒకటి అంటుకుని ఉంది. గుడ్డతో తుడిచి చూస్తే అది ఇంగ్లిషు యూ అక్షరం ఆకారంలో ఉంది. ఒక అంచు మాత్రం అద్దంలా నున్నగా అరిగింది. వాల్వ్ బాడీని బయటికి తీసి పోల్చి చూశాక, ఒక బోర్ (వాల్వు కదిలే గుండ్రని రంధ్రం) చివర ఉండే ప్లగ్గును ఆపడానికి పెట్టే కీ అదేనని అర్థమైంది. కీ లేకపోవడంతో ప్లగ్గు సుమారు 3 మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంది. ఎదురుగా గేర్‌బాక్స్ గోడ అడ్డంగా ఉండబట్టి గానీ, లేకపోతే ప్లగ్గు, దాని వెనుక స్ప్రింగు, వాల్వు మూడూ పాన్‌లో పడి ఉండేవి.

ఈ కీ కూర్చునే గాడి పాన్ వైపుకు, అంటే కిందికి, తెరిచి ఉంది. దాన్ని కప్పే ప్లేటు గానీ, అడ్డుపెట్టే బోల్టు గానీ లేదు. ఈసారి మళ్లీ జారిపోకుండా ఉండేందుకు తెలిసినవారు మూడు మార్గాలు చెప్పారు. థ్రెడ్ లాకర్ జిగురు రెండు చుక్కలు వేసి అతికించమని ఒకరు, గాడి అంచును సెంటర్ పంచితో కొట్టి కాస్త మూసేయమని ఒకరు, కొంచెం మందమైన కీ చేయించి సుత్తితో బిగువుగా దింపమని మరొకరు అన్నారు. ఇందులో ఏది సరైనదో, లేక ఇవేవీ కాని పద్ధతి ఉందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. వాల్వ్ బాడీ ప్రస్తుతం నా బల్ల మీద, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంది. తొందర లేదు, ఈసారి సరిగ్గా చేయాలన్నదే నా కోరిక.


గేర్‌బాక్స్ పాతకాపు:

నమస్కారమండీ. పాన్ దించగానే అయస్కాంతాన్ని జాగ్రత్తగా చూడడం మంచిదైంది. చాలామంది ఆ ముద్దను చూడకుండా పెట్రోలుతో కడిగేసి, జరిగినదానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ పోగొట్టుకుంటారు.

మీకు చెప్పిన మూడు మార్గాల్లో ఒక్కటీ చేయవద్దు. కీ ఎందుకు ఊడిందో తెలియకుండా దాన్ని ఊడకుండా చేయాలని చూస్తే, లోపం అలాగే ఉంటుంది, దాని మీద మరొకటి చేరుతుంది.

ముందుగా, ఆ కీని అక్కడ ఆపి ఉంచేది ఏమిటో చూడండి. ప్లగ్గును వేలితో లోపలికి నొక్కి, స్ప్రింగు కుదించుకున్నాక కీని గాడిలోకి జారుస్తాం. వేలు తీయగానే స్ప్రింగు ప్లగ్గును వెనక్కి నెట్టి కీకి ఆనిస్తుంది. ఆ ఒత్తిడి వల్ల కలిగే రాపిడే కీని పట్టుకుంటుంది. అయితే గాడి కిందికి తెరిచి ఉన్నచోట రాపిడి ఒక్కటే చాలదని తయారీదారులకూ తెలుసు. అందుకే ఇలాంటి ప్లగ్గులకు చాలావాటిలో ఒక ముఖం చదునుగా ఉంటుంది, రెండో ముఖం మధ్యలో చిన్న గుంట ఉండి చుట్టూ అంచు లేచి ఉంటుంది. గుంట ఉన్న ముఖం బయటికి ఉన్నప్పుడు కీ అందులో కూర్చుంటుంది, లేచిన అంచు దాన్ని కిందికి జారనివ్వదు. అదే ప్లగ్గును తిరగేసి పెడితే కీ చదును ముఖం మీద కేవలం ఆనుకుని ఉంటుంది. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, ఇంజన్ కంపనానికీ, ఆయిల్ ఒత్తిడి క్షణక్షణం పెరిగి తగ్గడానికీ రోజుకు ఇంత చొప్పున కిందికి దిగుతూ వస్తుంది. మీరు చెప్పిన నున్నని అంచు, ఆరు నెలల వ్యవధి, ఈ రెండూ వింటే నాకు మొదట కలిగే అనుమానం ఇదే. మీ ప్లగ్గు ఏ ముఖం బయటికి పెట్టి ఉందో చూసి చెప్పగలరా?

ఇక థ్రెడ్ లాకర్ సంగతి. అది గాలి తగలని చోట, లోహం తాకిడికి గట్టిపడే జిగురు. వాల్వుకూ బోరుకూ మధ్య ఉండే సందు సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతులు రెండు నుంచి ఐదు వరకు మాత్రమే. తల వెంట్రుక అంతకంటే మందంగా ఉంటుంది. గాలి ఆడని అంత సన్నని సందు ఆ జిగురుకు సరిగ్గా అనువైన చోటు. ప్లగ్గు పక్కన వేసిన చుక్క లోపలికి పాకి వాల్వు దగ్గర గట్టిపడితే, ఇప్పుడు రివర్స్‌కూ మూడో గేరుకూ ఉన్న ఇబ్బంది రేపు అసలు ఏ గేరూ మారని స్థితికి వస్తుంది. ఊడిన జిగురు పొరలు, కరెంటుతో ఆయిల్ దారిని తెరిచి మూసే సొలెనాయిడ్ల జల్లెడల్లో చిక్కుకోవడం మరో బాధ. కొన్ని ప్లగ్గులకు ఆయిల్ బయటికి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది, అది మూసుకుంటే వాల్వు తన చోటు నుంచి కదలలేదు.

పంచితో కొట్టడం గురించి ఒక్క మాట చాలు. అది మెత్తని అల్యూమినియం పోత. మీరు గాడి దగ్గర కొట్టిన దెబ్బ బోర్ లోపల ఉబ్బుగా తేలుతుంది.


బాలానగర్ ఫిట్టర్:

పాతకాపు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, లెక్కతో కూడిన రెండు విషయాలు చేర్చాలనుకుంటున్నాను.

మొదటిది, ఆ చిన్న రేకు మీద ఎంత భారం పడుతుందన్నది. బోర్ వ్యాసం 14 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 154 చదరపు మిల్లీమీటర్లు. ఆ ప్లగ్గు వెనుక గదిలోకి 10 బార్ ఒత్తిడితో ఆయిల్ వస్తే, ప్లగ్గును బయటికి నెట్టే బలం 154 న్యూటన్లు, అంటే దాదాపు పదహారు కిలోల బరువు. రివర్స్‌లో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 15 బార్ అనుకుంటే ఇరవై మూడు కిలోలు దాటుతుంది. గోరంత రేకు ఈ బరువును మోస్తోంది, అదీ ఒకేలా కాదు, గేరు మారిన ప్రతిసారీ వచ్చి పోతూ. మామూలు జీఐ రేకు ముక్క కత్తిరించి పెడితే కొన్నాళ్లకు వంగుతుంది. అసలు కీ గట్టిపరిచిన ఉక్కుతో చేసినది.

రెండోది, లోపం వేడెక్కాకే ఎందుకు బయటపడుతోందన్నది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వాల్వు ఉక్కుదైతే, ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరేసరికి 14 మిల్లీమీటర్ల బోరులో సందు సుమారు ఒక వందో వంతు మిల్లీమీటరు పెరుగుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ సందులోంచి కారే ఆయిల్ పరిమాణం సందు వెడల్పు మూడో ఘాతానికి అనుగుణంగా పెరుగుతుంది కనుక, 0.03 ఉన్నది 0.04 అయితే కారుడు రెండింతలు దాటుతుంది. పైగా వేడికి ఆయిల్ కూడా పలచబడి ఉంటుంది. మీ విషయంలో ప్లగ్గు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరగడంతో స్ప్రింగు బిగువు కూడా తగ్గింది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో సరిపుచ్చుకుంటున్న ఒత్తిడి, ఉప్పల్ చేరేసరికి చాలడం లేదు. అందువల్ల కీ సరిచేశాక కూడా ఆ బోర్ అరగలేదని నిర్ధారించుకోవడం అవసరం. వాల్వును శుభ్రంగా కడిగి, ఆయిల్ తడి చేసి, బోరులో పెట్టి వాల్వ్ బాడీని నిలువుగా ఎత్తి పట్టండి. దాని బరువుకు అదే నెమ్మదిగా, ఆగకుండా దిగాలి. ఎక్కడైనా ఆగినా, లేక వేలితో అటూ ఇటూ కదిపితే టకటకలాడినా ఆలోచించవలసిందే. బోరులో వాల్వు ఎక్కువగా కదిలే చోట మెరుగుపెట్టినట్టు నున్నని మచ్చ కనబడితే, అక్కడ గోరు పెట్టి మెట్టు తగులుతుందేమో చూడండి.

కీ విషయానికి వస్తే, మందమైన కీని సుత్తితో దింపడం తప్పు. కీ గాడిలో వేలితో జారాలి, కానీ ఊగకూడదు. కీ మందం మైక్రోమీటరుతో, గాడి వెడల్పు ఫీలర్ గేజి ఆకులు దొంతరగా పెట్టి కొలవండి. నా పనిలో తేడా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల వరకు ఉంటే సరేననుకుంటాను. మీ పాత కీ ఒక అంచు అరిగిందన్నారు కాబట్టి దాన్ని మళ్లీ వాడవద్దు. అదే రకం గేర్‌బాక్స్ తుక్కు వాల్వ్ బాడీ దొరికితే అందులోంచి తీసుకోవడం అన్నిటికన్నా మేలు. దానితో పాటు ప్లగ్గు కూడా తీసుకోండి. దొరకని పక్షంలో బాలానగర్‌కు రండి. ఇక్కడ 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టినప్పటి నుంచి డై పని, గ్రైండింగ్ పని తెలిసిన చేతులకు కొదవలేదు. స్ప్రింగు ఉక్కు రేకును కావలసిన మందానికి గ్రైండింగ్ చేసి, అంచులు గుండ్రంగా చేసి ఇచ్చేవారు దొరుకుతారు. ఒక్క జాగ్రత్త చెబుతాను. కీ రెండు కాళ్లూ సరిసమానంగా ఉండాలి, తోక, అంటే గాడి బయటి వైపు ఉండే చివర, వాల్వ్ బాడీ ముఖం కంటే పైకి రాకూడదు. ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. మీ బాడీలో ఈ కీ పాన్ వైపు ఉంది గానీ, మిగతా కీలలో కొన్ని, ఆయిల్ దారులను వేరుచేసే సెపరేటర్ ప్లేటు కింద ఉంటాయి. అక్కడ తోక పైకి వస్తే ప్లేటు ఒత్తుకుని ఆయిల్ ఒక దారిలోంచి పక్క దారిలోకి పోతుంది. కాబట్టి ఊడిన కీ ఒక్కటే కాకుండా, కిందటిసారి విప్పిన ప్రతి కీనీ ఇదే విధంగా చూడండి.


తార్నాక నుంచి:

కీ గురించి ఇద్దరూ వివరంగా చెప్పారు. గేర్‌బాక్స్ హౌసింగులోకి వాల్వ్ బాడీని తిరిగి ఎక్కించేటప్పుడు జరిగే పొరపాట్ల గురించి నేను రాస్తాను, ఎందుకంటే బల్ల మీద చేసిన మంచి పని చాలాసార్లు అక్కడే చెడిపోతుంది.

వాల్వ్ బాడీ దించినప్పుడు, దాని వెనుక హౌసింగులో ఉండే, గేరు పడేటప్పటి కుదుపును తగ్గించే అక్యుమ్యులేటర్ పిస్టన్లు, వాటి స్ప్రింగులు కిందికి జారతాయి. మీరు తీసినప్పుడు అవి ఎన్ని, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకున్నారని ఆశిస్తాను. ఆ స్ప్రింగులు చూడడానికి ఒకేలా ఉన్నా పొడవులోనూ, తీగ మందంలోనూ తేడా ఉంటుంది. మారిపోతే ఒక గేరు దెబ్బ కొట్టినట్టు, మరొకటి జారినట్టు పడుతుంది. కాగితం మీద హౌసింగు బొమ్మ గీసుకుని, ఒక్కొక్క స్ప్రింగునూ దాని చోట టేపుతో అంటించి పెట్టుకోవడం నా అలవాటు.

ఎక్కించేటప్పుడు పిస్టన్లనూ, సెపరేటర్ ప్లేటు దగ్గరి ఉక్కు గోళీలనూ పడిపోకుండా పట్టి ఉంచడానికి పెట్రోలియం జెల్లీ మాత్రమే వాడండి. అది ఆయిల్ వేడికి కరిగి అందులో కలిసిపోతుంది. వీల్ బేరింగులకు వాడే గ్రీజు ఆ వేడికి కరగదు, ముద్దలుగా వెళ్లి సన్నని దారుల్లో కూర్చుంటుంది. ఇక్కడొక ఇబ్బంది ఉంది, మన ఊళ్లో పనిచేసేవారికే తెలిసేది. మే నెలలో రేకుల షెడ్డు కింద జెల్లీ నీళ్లలా అవుతుంది. ఆ నెలలో మధ్యాహ్నం పూట నేను వాల్వ్ బాడీ ఎత్తుతుండగా రెండు గోళీలు టప్‌మని నేల మీద పడ్డాయి. అవి ఏ గుంటలోవో పోల్చుకోవడానికి మిగతావన్నీ మళ్లీ తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఆ పని తెల్లవారుజామునే ముగిస్తున్నాను.

మాన్యువల్ వాల్వు గురించి మరచిపోకండి. గేర్ లివరు కదిపినప్పుడు లోపలి మీట చివరి పిన్ను ఆ వాల్వు గాడిలో కూర్చుని దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతుంది. బాడీని పైకి ఎత్తుతూ పిన్ను గాడిలో పడిందో లేదో టార్చి వేసి చూడాలి. పడకపోతే బోల్టులన్నీ చక్కగా బిగుసుకుంటాయి, లివరు కూడా కదులుతుంది, కానీ బండి మాత్రం కదలదు. రెండు బోల్టులు వేళ్లతో ఎక్కించగానే, మిగతావి పెట్టకముందే, ఎవరినైనా లోపల కూర్చోబెట్టి పార్కింగ్ నుంచి చివరి గేరు వరకు లివరు జరిపించి, వాల్వు కదలడం మీ కళ్లతో చూడండి.

బోల్టులు. వీటి పొడవులు రెండు మూడు రకాలు ఉంటాయి. పొట్టి బోల్టు వెళ్లవలసిన చోట పొడవైనది పెడితే అది అడుగుకు తగిలి, రెంచి మాత్రం బిగిసిందని చూపుతుంది. పొడవైనది వెళ్లవలసిన చోట పొట్టిది పెడితే నాలుగు మరలతో వేలాడుతూ అల్యూమినియం మరను లాగేస్తుంది. 6 మిల్లీమీటర్ల బోల్టులకు బిగింపు బలం (టార్క్) సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీ గేర్‌బాక్స్ మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. 10 న్యూటన్ మీటర్లంటే సుమారు 88 అంగుళం పౌండ్లు. ఆ 88ని అడుగు పౌండ్లుగా చదివి రెంచి పెడితే పన్నెండు రెట్లు అవుతుంది, బోల్టు తల చేతికి వస్తుంది. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచి ఈ పనికి అసలు పనికిరాదు, దాని కొలత మొదలయ్యేదే ఇంతకంటే పైన. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల వరకు చూపే చిన్న రెంచి రాణిగంజ్ టూల్స్ దుకాణాల్లో దొరుకుతుంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్తూ, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో బిగించండి. ఒక పక్క ముందుగా లాగేస్తే బాడీ కనబడనంతగా మెలిపడుతుంది. అంత చిన్న సందులో కదిలే వాల్వుకు ఆ మెలిక చాలు, బల్ల మీద హాయిగా జారినది బండిలో బిగిసిపోతుంది. మీ గ్యారేజీవారు చేతి అంచనాతో బిగించి ఉంటే, మరలు సాగాయేమో కూడా చూడండి. సాగిన మరలో తీగ చుట్ట ఇన్సర్టు వేయించడం మంచిది. కానీ ఆ డ్రిల్లింగ్ రజను లోపలికి పోకుండా చుట్టూ దారులన్నీ మూయాలి.

తుడవడానికి పోగులు ఊడే పాత బనియన్లు, దూది వాడవద్దు.


వనస్థలిపురం వాసి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఏం జరిగిందో రాయడం నా బాధ్యత.

పాతకాపు గారి అనుమానమే నిజమైంది. ప్లగ్గు బయటికి తీసి తిరగేసి చూస్తే లోపలి వైపు ముఖంలో గుంట, చుట్టూ లేచిన అంచు ఉన్నాయి. బయటి ముఖం చదునుగా ఉంది. దాని మీద కీ కాళ్లు రుద్దుకున్న రెండు గీతలు, పైన లోతుగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా, స్పష్టంగా కనబడ్డాయి. కీ ఎలా దిగుతూ వచ్చిందో ఆ గీతలే చెబుతున్నాయి. సరిచూసుకుందామని పక్క బోరులోని అలాంటి ప్లగ్గునే చూశాను. దానికి గుంట బయటికే ఉంది, కీ అందులో చక్కగా ఇమిడి ఉంది.

తుక్కు వాల్వ్ బాడీ ఒకటి మా దగ్గరి ఆటోనగర్‌లో దొరికింది. అందులోని కీ 1.58 మిల్లీమీటర్లు, నా బాడీలోని గాడి 1.65. ప్లగ్గును సరైన వైపు తిప్పి, పెన్సిల్ వెనుక భాగంతో నొక్కి, ఈ కీ దింపి వదలగానే చిన్న చప్పుడుతో గుంటలో కూర్చుంది. ఆ తర్వాత కొనముక్కుల పటకారుతో లాగినా కిందికి రాలేదు. ప్లగ్గును మళ్లీ లోపలికి నొక్కితేనే వచ్చింది. ఏ జిగురూ వేయలేదు. బోరులో మెరుపు మచ్చ ఉంది కానీ గోరుకు మెట్టు తగలలేదు, వాల్వు తన బరువుకు తానే దిగింది. మిగతా కీలు కూడా చూశాను. ఒకదాని తోక కొంచెం వంకరగా ఉంటే దాన్నీ మార్చాను.

తార్నాక వారు చెప్పినట్టే ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే బాడీ ఎక్కించాను. మాన్యువల్ వాల్వు పిన్ను మొదటిసారి గాడిలో పడలేదు. టార్చి వేసి చూడకపోయి ఉంటే అలాగే బిగించేసేవాణ్ని. బోల్టుల్లో రెండు ఒకదాని చోట మరొకటి ఉన్నాయి, పొడవు కొలిచి సరిచేశాను. మరలు బాగానే ఉన్నాయి.

ఇప్పటికి పది రోజులైంది. రివర్స్ వెంటనే పడుతోంది. మొన్న మధ్యాహ్నం ఎండలో మియాపూర్ వరకు వెళ్లి వచ్చాను, 2 నుంచి 3కు మారడం చెవికి తెలియలేదు. అయినా 500 కిలోమీటర్లు పూర్తయ్యాక పాన్ మరోసారి దించి అయస్కాంతాలు చూడాలని నిర్ణయించుకున్నాను. ఆ ఆయిల్‌ను వడగట్టి వాడకుండా కొత్తదే పోస్తాను. అయస్కాంతాల మీద ఏమైనా కనబడితే ఇక్కడే రాస్తాను.